నార్వే క్రూయిజ్‌లో ఆఖరి సముద్రపు రోజు: ముందు చేతి సంచి, తర్వాతే సూట్‌కేసు

సౌతాంప్టన్‌లో ఓడెక్కి, నార్వే ఫియోర్డులు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) చూసి, మళ్లీ సౌతాంప్టన్‌లోనే దిగే ప్రయాణాల్లో ఆఖరి పగలంతా సాధారణంగా నీళ్ల మీదే గడుస్తుంది. నార్వే రేవులు బెర్గెన్‌లోనో స్టావాంగర్‌లోనో సాయంత్రం బయల్దేరిన ఓడ ఒడ్డుకు చేరేది ఎల్లుండి తెల్లవారుజామున. మధ్యలో 600 నాటికల్ మైళ్లకు పైగా, అంటే 1,100 కిలోమీటర్లు దాటి దూరం ఉంది. ఓడేమో గంటకు 35 కిలోమీటర్ల లెక్కన, పల్లెవెలుగు బస్సులా తీరుబడిగా పోతుంది.

ఆ రోజు దిగి చూడ్డానికి ఊరేమీ ఉండదు కాబట్టి దాన్ని రెండు రకాలుగా పాడు చేసుకుంటాం. కొందరు టిఫిన్ అవగానే పెట్టెలన్నీ మంచం మీద తెరిచి, సాయంత్రం దాకా సర్దుతూనే ఉంటారు. ఇంకొందరు రాత్రి దాకా ఏమీ పట్టించుకోకుండా, చివరి అరగంటలో చేతికందిందల్లా కుక్కేస్తారు. మేము రెండో రకం.

అది జూన్ నెల. మా అత్తయ్యని, మావయ్యని తెనాలి నుంచి రప్పించుకుని తీసుకెళ్లాం. ఆఖరి రాత్రి పెట్టెలు క్యాబిన్ బయట పెట్టేసి హమ్మయ్య అనుకున్నాక, పదకొండు గంటలప్పుడు మావయ్య మంచం కింద వంగి చూస్తూ, "అమ్మాయ్, నా బూట్లేవమ్మా?" అన్నారు. బయటికి దిగని వేళల్లో ఓడంతా ఆయన హవాయి చెప్పులతోనే తిరిగారు. బూట్లు అడ్డంగా ఉన్నాయని నేనే కవర్లో చుట్టి పెద్ద పెట్టె అడుగున పెట్టేశాను. తలుపు తీసి చూస్తే కారిడార్ ఖాళీ. పెట్టెలన్నీ కిందికి వెళ్లిపోయాయి.

మాత్రలు, పాస్‌పోర్టులు, కళ్లజోళ్లు అన్నీ గుర్తున్నాయి. బూట్లు ఒక్కటే గుర్తులేవు. ఈ మార్గదర్శి అక్కడ పుట్టింది.

ముందు రోజు సాయంత్రం, నార్వే ఒడ్డు కనబడుతుండగానే

ఆఖరి రోజు పనులు కొన్ని నిజానికి ఆ ముందు రోజువే. నార్వేలో వస్తువుల మీద వ్యాట్ 25 శాతం. ఉన్ని స్వెట్టర్ లాంటి ఖరీదైనవి కొని ఆ పన్ను వెనక్కి తీసుకోవడానికి టాక్స్‌ఫ్రీ కాగితం తీసుకున్నవాళ్లు, ఆ డబ్బు సంగతి ఆఖరి నార్వే రేవులోనే తేల్చుకోవాలి. ఎక్కడ చూపించాలో కొన్న షాపులోనే అడిగి పెట్టుకోండి. ఓడ కదిలాక చేసేదేమీ లేదు.

ఇక ఫోను. ఒడ్డు దూరమయ్యాక ఫోను ఓడ సొంత శాటిలైట్ నెట్‌వర్క్‌ని పట్టుకుంటుంది. అది మీ రోమింగ్ ప్లాన్‌లోకి రాదు. పది నిమిషాల వాట్సాప్ వీడియోకి వచ్చే బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేయండి. పెద్దవాళ్ల ఫోన్లు కూడా మీరే తీసుకుని పెట్టండి, వాళ్లని పెట్టుకోమని చెప్పి వదిలేయకండి.

దీంతో ఒక చిక్కుంది. నార్వే టైమ్ బ్రిటన్ కంటే గంట ముందు. తిరుగు ప్రయాణంలో ఏదో ఒక రాత్రి ఓడలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్న ఫోనుకి ఆ సంగతి తెలియదు. క్యాబిన్‌కి వచ్చే రోజువారీ కాగితంలో ఏ రాత్రి తిప్పుతారో రాసి ఉంటుంది. చూసి ఫోనులో టైమ్ చేత్తో మార్చుకోండి. అదనంగా ఒక గంట నిద్ర దొరికే రాత్రి అది.

పొద్దున్నే బిల్లు

రిసెప్షన్ దగ్గర ఆఖరి రోజు సాయంత్రం ఉండే క్యూ తిరుపతి క్యూని గుర్తు చేస్తుంది. పొద్దున 7 గంటలకు అక్కడ ఇద్దరో ముగ్గురో ఉంటారు. క్యాబిన్ టీవీలోనో ఓడ యాప్‌లోనో మీ ఖాతా తెరిచి, ఒక్కో వరుసా చదవండి. పొరపాట్లు ఎక్కువగా దొరికేది మూడు చోట్ల: రద్దు చేసుకున్న టూర్, పక్క క్యాబిన్ వాళ్ల డ్రింకు, తీసుకోని ఫోటో. మాకు ఒక కాఫీ రెండుసార్లు పడింది. చెప్పగానే తీసేశారు. ఇదే మాట ఇంటికెళ్లాక ఈమెయిల్లో తేల్చుకోవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

రోజువారీ టిప్పు చాలా ఓడల్లో తనంతట తానే ఖాతాలో పడుతుంది, కొన్నింటిలో టికెట్ ధరలోనే కలిసి ఉంటుంది. రెండోసారి ఇచ్చేముందు అది ఏ రకమో చూసుకోండి. టికెట్‌తో పాటు ఓడలో ఖర్చుపెట్టుకొమ్మని ఇచ్చిన క్రెడిట్ ఏమైనా మిగిలి ఉంటే, అది చాలావరకు డబ్బుగా తిరిగి రాదు. ఈ రోజే వాడేయాలి. ఇండియా కార్డు ఇచ్చినవాళ్లను మెషీన్ "రూపాయల్లో కట్టమంటారా" అని అడిగితే వద్దనండి. పౌండ్లలోనో డాలర్లలోనో, ఓడ ఏ కరెన్సీలో బిల్లు వేస్తే అందులోనే కట్టడం నయం. రూపాయల లెక్కలో వాళ్ల మార్జిన్ కలిసి ఉంటుంది.

కడుపు సంగతి

ఫియోర్డుల్లో నీళ్లు పళ్లెంలో పోసినట్టు నిశ్చలంగా ఉంటాయి. వారమంతా అలా గడిచాక "ఓడ కదలనే కదలదు" అని ధీమా వచ్చేస్తుంది. నార్వేకీ బ్రిటన్‌కీ మధ్య ఉన్న నార్త్ సీ ఆ ధీమాని దించేస్తుంది. వేసవిలో చాలా రోజులు మెత్తగానే ఉంటుంది కానీ, గాలి లేచిందంటే మెట్లు దిగేటప్పుడు కాలు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడుతుంది.

మాత్ర వేసుకునేది తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే. మన ఇళ్లలో అందరికీ తెలిసిన అవోమిన్ పనిచేస్తుంది గానీ బాగా మత్తుగా ఉంటుంది. బీపీ, షుగర్ మందులు వాడే పెద్దవాళ్లకు ఇచ్చేముందు వాళ్ల డాక్టర్ని ఊళ్లోనే అడిగి ఉండాలి. ఓడలోని డాక్టర్ని చూస్తే ఫీజు వేరుగా పడుతుంది. కుదుపు తక్కువగా తెలిసేది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో. పైన, ముందు వైపు ఉన్న అందమైన లాంజ్‌లోనే అన్నిటికంటే ఎక్కువ ఊగుతుంది. ఖాళీ కడుపుతో ఉండకూడదు. పొడి బ్రెడ్డు, ఆపిల్ ముక్క, చిన్న అల్లం మురబ్బా. అత్తయ్య తన సంచిలోంచి ఉసిరికాయ ఒరుగులు తీసి బుగ్గన పెట్టుకుని, రోజంతా హాయిగా తిరిగారు. శాస్త్రం సంగతి నాకు తెలియదు, ఆమెకైతే పనిచేసింది.

సర్దడం: గంటన్నర, అంతకు మించి వద్దు

దీనికి మంచి సమయం భోజనమయ్యాక రెండింటి నుంచి మూడున్నర దాకా.

అందరూ చేసేది పెద్ద పెట్టెతో మొదలుపెట్టడం. మిగిలిపోయినవి చేతి సంచిలో వేసుకుంటారు. దాన్ని తిప్పేయండి. ముందు చేతి సంచిని మంచం మీద పెట్టి నింపండి. అది నిండి, జిప్పు పడి, తలుపు పక్కకు చేరాకే సూట్‌కేసు తెరవాలి. ఎందుకంటే రాత్రి గది బయట పెట్టిన పెట్టె మళ్లీ మీ చేతికి వచ్చేది మర్నాడు టెర్మినల్లోనే. ఈ మధ్యలో గడపాల్సిన పది పన్నెండు గంటలకు కావలసినవన్నీ ఆ సంచిలోనే ఉండాలి.

ఏమేం పెట్టాలో గుర్తుపెట్టుకోవడానికి నాకు తర్వాత ఒక ఉపాయం దొరికింది. జాబితా రాసుకోకుండా, రేపు పొద్దున లేచినప్పటి నుంచి చేసే పనులన్నీ వరుసగా కళ్లముందు ఆడించుకోవడం. లేస్తారు: కళ్లజోడు. పళ్లు తోముకుంటారు: బ్రష్షు, పేస్టు, పెద్దవాళ్ల పళ్లసెట్టు డబ్బా. మాత్రలు వేసుకుంటారు: ఆ పూటవే కాదు, మొత్తం స్ట్రిప్పులు, ఇన్సులిన్. స్నానం చేసి బట్టలు కట్టుకుంటారు: లోదుస్తులతో సహా. కాళ్లకు తొడుక్కుంటారు. ఇదిగో, మేము తప్పింది ఇక్కడే. వానకోటు. ఓడ కార్డు, ఎందుకంటే దిగేటప్పుడు ఆఖరిసారి దాన్ని స్కాన్ చేస్తారు. పాస్‌పోర్టు. కారు తాళం, పార్కింగ్ కాగితం, ఇంటి తాళం. ఛార్జర్లు. బంగారం ఏదైనా తెచ్చుకుని ఉంటే క్యాబిన్ లాకర్లోంచి తీసి ఇప్పుడే సంచిలో వేసేయండి. లాకర్ తలుపు తెరిచే ఉంచితే రేపు "అందులో ఏమైనా ఉండిపోయిందా" అన్న అనుమానం రాదు.

పెద్ద పెట్టె దగ్గర చెప్పేది కొంచెమే. బెర్గెన్‌లో ఏడాదిలో 200 రోజులకు పైగా వాన పడుతుంది కాబట్టి మీ జాకెట్లలో కనీసం ఒకటి ఇంకా తడిగానే ఉంటుంది. దాన్ని విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టండి. రేవుల్లో కొని ఓడకు అప్పజెప్పిన సీసాలు సాధారణంగా ఆఖరి రోజున క్యాబిన్‌కి తెచ్చిస్తారు. కారులో ఇంటికెళ్లేవాళ్లు వాటిని చేత్తో పట్టుకెళ్లడం మేలు. దిగి నేరుగా విమానం ఎక్కేవాళ్లు మాత్రం బట్టల మధ్య చుట్టి పెట్టెలో పెట్టుకోక తప్పదు. పాత విమానం ట్యాగులు పీకేసి ఓడవాళ్లిచ్చిన రంగు ట్యాగు కట్టండి. ఆ రంగునో నంబరునో బట్టే టెర్మినల్లో మీ పెట్టె ఏ వరుసలో ఉంటుందో తెలుస్తుంది. ట్యాగుకి ఫోటో తీసుకోండి. దాంతోపాటు హ్యాండిల్‌కి ఏదైనా గుర్తు కట్టండి. అత్తయ్య పాత వెంకటగిరి చీర అంచు చింపి కట్టారు, ఎర్రది.

ఒక మాట నార్వే గోధుమరంగు చీజ్ గురించి. బ్రూనోస్ట్ అంటారు, మన పాలకోవాకి దూరపు చుట్టంలా తియ్యగా ఉంటుంది. మేము రెండు కడ్డీలు కొన్నాం. కానీ 2025 ఏప్రిల్ నుంచి నార్వేతో సహా ఐరోపా దేశాల మాంసం, పాల పదార్థాలు సొంత వాడకానికైనా బ్రిటన్‌లోకి తేకూడదు. విషయం మధ్యాహ్నం తెలిసింది. నలుగురం కూర్చుని టీతో పాటు అవగొట్టాం.

మిగతా రోజంతా బయటే

సర్దడం గంటన్నరకే కట్టేయమన్నది ఇందుకే. క్యాబిన్ టీవీలో ఓడ ఎక్కడుందో చూపించే మ్యాప్ ఛానల్ ఉంటుంది. దాన్ని చూసి డెక్ మీదికి వెళ్తే ఉత్త నీళ్లలా కనబడిందానికి పేర్లు వస్తాయి.

మొన్నటిదాకా మీరు తిరిగిన సోన్యే ఫియోర్డు లోతు 1,300 మీటర్లు. రెండు కొండల మధ్య ఇరుకు సందు అది. ఇప్పుడు చుట్టూ కనుచూపు మేర ఉన్న నార్త్ సీ సగటు లోతు వంద మీటర్లు కూడా ఉండదు. మ్యాప్‌లో డాగర్ బ్యాంక్ అని కనబడే చోట కొన్ని భాగాల్లో 20 మీటర్లు కూడా లేదు. ఒక తాటిచెట్టు నిలబెడితే తల బయటికి వస్తుంది. సుమారు 8,000 ఏళ్ల కిందటి దాకా అక్కడ నేలే ఉండేది. జనం వేటాడుకుంటూ బతికారు. 1931లో కొలిండా అనే చేపల పడవ వలలో ఒక నల్లమట్టి గడ్డ చిక్కితే, దాన్ని పగలగొట్టినప్పుడు జింక కొమ్ముతో చెక్కిన ఈటె మొన బయటపడింది. మావయ్యకి ఇది చెప్తే రెయిలింగ్ పట్టుకుని కిందికి చూస్తూ, "అంటే మనం ఎవరో ఊరి మీంచి పోతున్నామన్నమాట" అన్నారు.

దూరంగా నీళ్లలోంచి స్తంభాలు లేచి, వాటి పైన ఇనప ఊరు కట్టినట్టు కనబడితే అది చమురు ప్లాట్‌ఫామ్. నార్వే దశ తిరిగింది 1969లో ఈ సముద్రంలోనే, ఎకోఫిస్క్ దగ్గర చమురు దొరికినప్పుడు. ఓడలు ఆ ప్లాట్‌ఫామ్‌ల చుట్టూ 500 మీటర్ల లోపలికి పోకూడదు కాబట్టి దగ్గరగా చూడాలంటే బైనాక్యులర్ కావాలి. ఇంగ్లండ్ వైపు వస్తున్న కొద్దీ వాటి స్థానంలో గాలిమరలు వస్తాయి, వరి నాట్లలా వరుసలు వరుసలుగా. తెల్లటి పెద్ద పక్షి రెక్కల చివర నల్లగా ఉండి, ఉన్నట్టుండి రెక్కలు మడిచి రాయిలా నీళ్లలో పడిందంటే అది గానెట్. ఒక్కటి కనబడిందంటే కదలకుండా అక్కడే ఉండండి. కింద చేపలుంటే ఇంకా వస్తాయి.

రేడియో అంటే ఇష్టం ఉన్నవాళ్లకు ఒక చిన్న సరదా. బీబీసీ రేడియో 4లో ఓడలవాళ్ల కోసం చదివే వాతావరణ సూచనలో సముద్రాన్ని పేర్లున్న ముక్కలుగా విడగొట్టి చెప్తారు: వైకింగ్, ఉత్సీర, ఫోర్టీస్, డాగర్, హంబర్, థేమ్స్, డోవర్, వైట్. మన పంచాంగ శ్రవణంలా ఒకే రాగంలో సాగుతుంది. మీరు ఆ రోజున్నర ప్రయాణంలో దాటేది ఇంచుమించు ఈ పేర్లనే, దాదాపు ఈ వరుసలోనే.

షాపుల్లో ఆఖరి రోజు బల్లలు వేసి అమ్మే గడియారాలూ గొలుసుల సంగతి వదిలేయండి. వచ్చే ఏడాది క్రూయిజ్ ఇప్పుడే బుక్ చేస్తే తగ్గింపు ఇస్తామనే కౌంటర్ కూడా ఉంటుంది. కట్టిన అడ్వాన్సు తిరిగి వస్తుందా అని ఒక్క ప్రశ్న అడగండి. నీళ్లు నమిలితే వచ్చేయండి.

సాయంత్రం

శాకాహారులకు రాత్రి భోజనం ఆఖరిదైనా పాత పద్ధతే: ముందు రోజే హెడ్ వెయిటర్‌కి చెప్పి ఉంచితే పప్పో కూరో చేయిస్తారు. మా టేబుల్ చూసింది గోవా అబ్బాయి. మేము అడక్కుండానే పచ్చిమిరపకాయలు చిన్న గిన్నెలో తెచ్చి పెట్టేవాడు. ఇలాంటివాళ్లకు చేతిలో నోటు పెట్టడం మీ ఇష్టం. దాంతోపాటు ఓడవాళ్లిచ్చే అభిప్రాయాల ఫారంలో వాళ్ల పేరు స్పెల్లింగ్ తప్పు లేకుండా రాయండి. తర్వాతి కాంట్రాక్టుకు అది పనికొస్తుందని ఆ అబ్బాయే చెప్పాడు. కృతజ్ఞత ఆ సాయంత్రమే చెప్పేయండి. రేపు మీరు దిగిన కొన్ని గంటలకే అంతమంది కొత్తవాళ్లు ఎక్కుతారు. వాళ్లకు మీ మొహం చూసే తీరికుండదు.

పెట్టెలు బయట పెట్టే గడువు ఎన్నింటికో కాగితంలో ఉంటుంది. మామూలుగా 10 నుంచి 11 మధ్య. భోజనానికి వెళ్లే ముందే పెట్టేయడం హాయి, అయితే పెట్టే ముందు ఇంట్లో అందరినీ వరుసగా నిలబెట్టి కాళ్లు చూడండి.

పెద్దవాళ్లు తోడుంటే, సొంత సామాను మోసుకుని మొదటే దిగిపోయే పద్ధతి ఎంచుకోకండి. పొద్దున్నే లిఫ్టుల దగ్గర అంతా పెట్టెలే ఉంటాయి.

ఆఖరి రాత్రి

జూన్‌లో వెళ్తే ఇంకొకటి గమనిస్తారు. నార్వేలో పదకొండింటికి కూడా వెలుతురే. పరదాలు లాక్కుని, పగలే పడుకున్నట్టు పడుకున్నాం వారమంతా. తెల్ల రాత్రులు బాగానే ఉంటాయి గానీ ఒంటికి ఎప్పుడు అలసిపోవాలో తెలియదు. ఓడ దక్షిణానికి దిగిన ఆ ఆఖరి సాయంత్రం తొమ్మిదిన్నరకల్లా సూర్యుడు మునిగాడు. పది దాటాక నిజంగా చీకటి పడింది. అత్తయ్య డెక్ మీద కుర్చీలో శాలువా కప్పుకుని, "నక్షత్రం చూసి ఎన్నాళ్లయిందే" అన్నారు.

బయల్దేరిన వేళని బట్టి చాలా ఓడలు డోవర్ జలసంధిలోకి వచ్చేది ఆ రాత్రే. ఇరుకైన చోట ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య 33 కిలోమీటర్లే. ఓడలకు రోడ్డు మీద లాగా పోయే దారీ వచ్చే దారీ వేరుగా గీసి ఉంటాయి, 1967 నుంచి. నైరుతికి పోయే ఓడ ఇంగ్లండ్ వైపు దారిలో ఉంటుంది. కాబట్టి కుడి వైపు డోవర్ దీపాలు దగ్గరగా, ఎడమ వైపు ఫ్రాన్సు దీపాలు దూరంగా. ఇంకా వెలుతురుండగా దాటితే కుడి వైపే తెల్ల సుద్ద కొండలు కూడా కనబడతాయి. ఎదురుగా, వెనకగా, అడ్డంగా ఓడల దీపాలే. పెట్టెలు సర్దడంలో ఉండి ఇది పోగొట్టుకున్నవాళ్లు మా కారిడార్లోనే చాలామంది.

తెల్లవారాక

ఓడ ఐల్ ఆఫ్ వైట్ చుట్టి సౌతాంప్టన్ చేరేసరికి మీరింకా నిద్రలోనే ఉండొచ్చు. ఇంజిన్ శబ్దం ఆగడంతో మెలకువ వస్తుంది. క్యాబిన్ 8 గంటల ప్రాంతంలో ఖాళీ చేయాలి. టిఫిన్ చేసి, మీ రంగు పిలిచేదాకా లాంజ్‌లో కూర్చోవాలి. ఒకసారి దిగితే మళ్లీ ఎక్కనివ్వరు కాబట్టి లేచిన ప్రతిసారీ కుర్చీ వెనక్కి తిరిగి చూడండి.

హీత్రో నుంచి అదే రోజు విమానం ఉన్నవాళ్లు మధ్యాహ్నం రెండు తర్వాతి టికెట్టే తీసుకోండి. రోడ్డు దారి గంటన్నర అనుకున్నా, ఓడ దిగడమెప్పుడో మన చేతిలో ఉండదు. ఇండియా పాస్‌పోర్టుతో బ్రిటన్‌లో ఉంటున్నవాళ్లు ఈ-వీసా ఖాతాలో ఇప్పటి పాస్‌పోర్టు నంబరే ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకుని ఉండాలి. కస్టమ్స్‌లో ఒక్కొక్కరికి 200 సిగరెట్లు, 4 లీటర్ల స్పిరిట్ (విస్కీ లాంటి ఘాటు మద్యం), 18 లీటర్ల వైన్, 390 పౌండ్ల విలువైన ఇతర వస్తువులు పన్ను లేకుండా అనుమతి. ఒక్క స్వెట్టరే 390 దాటితే ఇద్దరి లెక్కా కలిపి చూపించడం కుదరదు, మొత్తం విలువ మీద పన్ను పడుతుంది.

ఆ పొద్దున సన్నటి వాన, చలి. మావయ్య సాక్సుల మీదే హవాయి చెప్పులు తొడుక్కున్నారు. సాక్సు అడ్డొచ్చి పట్టీ వేళ్ల మధ్యకు దూరదు. బొటనవేలి పక్కన సాక్సుని లోపలికి నొక్కి, పది అడుగులకోసారి ఆగి మళ్లీ నొక్కుకుంటూ, నడవాలో అందరికీ దారి ఇస్తూ టెర్మినల్ దాకా వచ్చారు. హాల్లో వందల నల్ల పెట్టెలు. నీలం ట్యాగుల వరుసలో ఎర్రటి చీర అంచు దూరం నుంచే కనబడింది. మావయ్య పెట్టెని పక్కకు లాగి, అక్కడే నేల మీద పడుకోబెట్టి, జిప్పు తీసి, అడుగు దాకా చెయ్యి పెట్టి వెతికి బూట్లు బయటికి తీశారు. లేసులు కట్టుకుంటూ తలెత్తి, "పద అమ్మాయ్, ఇప్పుడు వెళ్దాం" అన్నారు.